చింత చచ్చినా చిగురు చావలేదు

ప్రశ్న: మాది కంచిలి దగ్గర పల్లెటూరు. వరుస ఇల్లు. వెనక పెరట్లో మూడు చెట్లు కొట్టించాం, మొద్దులు మిగిలిపోయాయి. ఒకటి కొబ్బరి. మొవ్వు ఎండి కాపు ఆగిపోతే వేసవిలో కొట్టించాం. రెండోది వేప, పక్కింటివాళ్లకీ మాకూ ఉమ్మడిగా ఉన్న గోడకు జానెడు దూరంలో ఉంది. మూడోది పెద్ద చింత, పెరటి మధ్యలో. మోకాలి ఎత్తున కోసి వదిలేశారు. వానలు పడ్డాక చుట్టూ గుబురుగా చిగురు వేసింది. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. ఈలోగా పెరడంతా సిమెంటు చేయించి, పందిరి వేసి, అక్కడే గాడిపొయ్యి పెడదామని మా ఆయన అంటున్నారు. జేసీబీ లోపలికి రాదు. ఒకరు నౌపడ ఉప్పు పోయమంటారు, ఒకరు యాసిడ్ అంటారు, మా తోడికోడలు ఇంగువ కూరమంది, ఎరువుల కొట్టతను గడ్డిమందు ఇస్తానన్నాడు. మా అత్తగారేమో చింతమొద్దు జోలికి వెళ్లొద్దంటున్నారు. నుయ్యి పన్నెండడుగుల దూరంలోనే ఉంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీకు సలహా ఇచ్చిన నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు గానీ చేసిన పొరపాటు ఒక్కటే. మొద్దును చంపేస్తే అది పోతుందనుకున్నారు. చావడం వేరు, పోవడం వేరు. మీ ఇంటి దూలాలూ వాసాలూ ఎప్పుడో చచ్చిన చెట్లే. పెంకుల బరువు మోస్తూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి కదా. కొయ్య కంటికి కనబడకుండా పోవాలంటే దాన్ని తవ్వి బయటికి తీయాలి, లేదా కాల్చాలి, లేదా కుళ్లనివ్వాలి. కుళ్లబెట్టేది బూజు. దానికి తడి కావాలి, గాలి కావాలి, కాస్త నత్రజని కావాలి. మనవాళ్లు మొద్దులో పోసేవి చాలావరకు ముందు ఆ బూజునే చంపుతాయి.

నేనూ ఆ పని చేసినవాణ్నే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విజయనగరంలో మా ఇంటి వెనక కానుగ చెట్టు విరిగిపడింది. కొమ్మలూ మానూ ఎవరో పొయ్యిల్లోకి పట్టుకుపోయారు, మొద్దు నాకు మిగిలింది. ఎవరో చెప్పారని మెకానిక్ షెడ్డు నుంచి వాడేసిన ఇంజనాయిల్ రెండు డబ్బాలు తెచ్చి, మొద్దుకు బెజ్జాలు వేసి పోశాను. మూడేళ్ల తర్వాత చూస్తే చుట్టుపక్కల గడ్డి మొలవడం మానేసింది గానీ, మొద్దు మీద గొడ్డలి వేస్తే ఠంగుమంది. అనదా మరి? కంచె గుంజలకు చెద పట్టకుండా జనం పూసేది కూడా ఆ నూనే.

నౌపడ ఉప్పు సంగతీ అలాంటిదే. ఉప్పు మరీ ఎక్కువైతే వేప, చింత వేళ్లు కూడా చస్తాయన్నది నిజమే. కానీ అది పనిచేయాలంటే బస్తాల కొద్దీ పోయాలి. ఆ ఉప్పు వానకు కరిగి భూమిలోకి, అక్కణ్నుంచి మీ నూతిలోకి దిగుతుంది. మళ్లీ ఆ చోట తోటకూర కూడా మొలవదు. కొబ్బరి మొద్దు మీద ఉప్పు పోయడమంటే నాకు నవ్వొస్తుంది. అది సముద్రపు ఒడ్డున పెరిగే చెట్టు, మొక్క నాటేటప్పుడే గోతిలో ఉప్పు వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. అయినా కొబ్బరిని చంపే పని మీకెందుకు? దానికి ప్రాణమంతా మొవ్వులోనే. తల తెగినరోజే అది చచ్చింది, ఇక చిగురు వేయదు.

రేపో మాపో ఎవరో ఒకరు మైలుతుత్తం కూడా చెబుతారు. బూజు తెగుళ్లు రాకుండా చెట్లకు కొట్టే బోర్డో మిశ్రమం దాంతోనే చేస్తారు. దాన్ని మొద్దులో పోస్తే కుళ్లకుండా భద్రం చేసినట్టే. బాత్‌రూమ్ యాసిడ్ పైపొరను నల్లగా మాడుస్తుంది, పోసేవాళ్ల చేతుల్ని అంతకంటే బాగా మాడుస్తుంది. ఇంగువ వల్ల ఖర్చు తప్ప నష్టమేమీ లేదు. మీ తోడికోడల్ని నొప్పించకుండా దాన్ని పప్పులో వేసుకోండి.

గడ్డిమందు మాత్రం నవ్వి వదిలేసేది కాదు. కొట్టతను చెప్పింది గ్లైఫోసేటే అయ్యుంటుంది. 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకొకరు వాడకూడదు. అదీకాక కోత పచ్చిగా ఉండగా, నిమిషాల్లో పూస్తేనే ఆ మందు వేళ్లలోకి దిగుతుంది. మీవి కోసి నెలలైంది, పైన ఆరిపోయాయి. ఎండిన మొద్దు మీద పోసిన మందు వేళ్లలోకి వెళ్లదు, మట్టిలోకి వెళ్తుంది. మీది ఉద్దానం, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. ఆ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు కాబట్టి ఫలానా మందు వల్లే అని నేను అనను. కానీ నీళ్ల గురించి అంత దిగులున్న ఊళ్లలో, నూతికి పన్నెండడుగుల దూరంలో, పనికిరాని మందు ఎందుకు పోయాలి?

ఇక మొద్దుల దగ్గరికి వద్దాం. మూడిట్లో తొందర కొబ్బరిదే. కొబ్బరి మాను పైన గట్టి, లోపల మెత్తన. కోసి వదిలేస్తే నడుమ భాగం ముందు కుళ్లి గిన్నెలా గుంట పడుతుంది, అందులో వాననీరు నిలుస్తుంది. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ముపురుగు గుడ్లు పెట్టేది పెంటకుప్పల్లో, ఇలాంటి కుళ్లిన మొద్దుల్లో. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానుకు పడిన కొబ్బరి దుంగల్ని చూసిన ఊరు మీది, నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మీ పెరట్లోనో పక్కవాళ్ల పెరట్లోనో కొబ్బరి ఆకులు కత్తెరతో విసనకర్రలా కత్తిరించినట్టు కనిపిస్తున్నాయా? అయితే ఆ పురుగు ఇప్పటికే తిరుగుతోంది. మొద్దు తవ్వినప్పుడు బొటనవేలంత లావున, తెల్లగా, ముడుచుకున్న పురుగులు కనిపిస్తే కోళ్లను వదలండి. అంతకంటే మంచి మందు లేదు.

ఇంకో మాట. మొవ్వు ఎండి కాపు ఆగిపోయిందన్నారు. కొట్టక ముందు మాను మొదట్లో బెరడు పగిలి ఎర్రగా, గోధుమరంగుగా బంక కారిందేమో గుర్తు చేసుకోండి. మొద్దుకు నేల దగ్గర చెక్కలా గట్టిగా, పక్కకు పొడుచుకొచ్చిన పుట్టగొడుగు ఉందేమో చూడండి. ఉంటే అది గానోడెర్మా తెగులు కావచ్చు. మట్టిలో, వేళ్లలో ఉండిపోయి పక్క చెట్టుకు పాకుతుంది. అలాంటప్పుడు మొద్దునూ వేళ్లనూ బయటికి తీసి కాల్చేయాల్సిందే, అదే గోతిలో మళ్లీ కొబ్బరి నాటకూడదు. మిగతా చెట్లకు వేపపిండిలో ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజు కలిపి వేయిస్తారు. అనుమానంగా ఉంటే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో ఫొటోలు చూపించి అడగండి.

కొబ్బరికి తల్లివేరు ఉండదు. చిటికెనవేలంత లావున వేళ్లు వేలకొద్దీ చుట్టూ జుట్టులా పాకి ఉంటాయి. మొద్దు చుట్టూ అడుగున్నర దూరంలో కందకం తీసి, పదునైన గునపంతో ఆ వేళ్లను కచ్చకచ్చా తెంపుకుంటూ రావాలి. గొడ్డలి కంటే గునపమే మేలు. కొబ్బరి పీచు గొడ్డలిని పట్టేసుకుంటుంది. మీ ఇసక నేలలో ఇద్దరు మనుషులకు ఒక పూట పని, మహా అయితే ఒక రోజు. అడుగున వేళ్లు తెగాక పక్కకు ఒరగదోస్తే దొర్లుతుంది.

వేపను మాత్రం తవ్వకండి. పాత ఉమ్మడి గోడల పునాది లోతు తక్కువ. జానెడు దూరంలో పెరిగిన చెట్టు వేరు దాని కిందనుంచి అవతలికి వెళ్లకుండా ఉండదు. ఆ వేరును లాగితే గోడ కదులుతుంది. పెళ్లి ముందు పక్కింటివాళ్లతో తగువు ఎవరికి కావాలి? వాళ్లకు ముందే ఒక మాట చెప్పి, రంపం మిషన్ ఉన్నతన్ని పిలిచి నేలకు జానెడు కిందకి కోయించి, మట్టి కప్పేయండి. కోసే ముందు మొద్దు చుట్టూ మట్టి తీసి నీళ్లతో కడగాలి. మట్టి తగిలితే ఆ రంపం గొలుసు నిమిషాల్లో మొద్దుబారిపోతుంది, అతను మిమ్మల్నే తిట్టుకుంటాడు.

వేప ఊరుకోదు, మొలకెత్తుతుంది. చెట్టుకు వంటగది ఆకే. పదిహేను రోజులకోసారి మొలకలన్నీ లేతగా ఉండగానే గిల్లేస్తూ ఉంటే, వేరులో దాచుకున్న తిండి ఖర్చయి ఏడాదికో రెండేళ్లకో అదే చస్తుంది. పశువులుంటే మేకను కట్టేయండి, ఆ పని అదే చేస్తుంది. మొద్దు త్వరగా కుళ్లడానికి బొటనవేలంత బెజ్జాలు వేసి పేడనీళ్లో గుప్పెడు యూరియానో పోసి తడిగోనె కప్పమంటారు. పద్ధతి మంచిదే, రెండు మూడు వానాకాలాలు ఆగగలిగితే. కానీ గోడ పక్కన వద్దు. అక్కడ ఎప్పుడూ తడి ఉంచితే చెదను పిలిచి పీట వేసినట్టే. ఆ గోడ మీద మట్టి గీతలు పాకుతున్నాయేమో నెలకోసారి చూసుకోండి చాలు.

చింత గురించి మీ ఇంట్లో రెండు పార్టీలున్నాయి. నా ఓటు మీ అత్తగారికి. కారణం చిగురే. చింత మోకాలి ఎత్తున కొట్టినా మళ్లీ పొదలా లేచే చెట్టు. ఏటా కొట్టుకుంటూ ఉంటే గుబురుగా, చేతికందే ఎత్తులో చిగురు ఇస్తుంది. ఎక్కాల్సిన పని లేదు, కొనాల్సిన పని లేదు. ఎండాకాలంలో చింతచిగురు పప్పుకు, చింతచిగురు రొయ్యలకు సంతలో ఎంత పోటీ ఉంటుందో మీకు తెలుసు. చెట్టు చిన్నగా ఉన్నంతకాలం వేరూ పెద్దగా పెరగదు, గోడలకు భయం లేదు. గాడిపొయ్యిని నాలుగడుగులు జరిపి తవ్వుకోవచ్చు. పందిరి కింద మొద్దు చుట్టూ బల్లలు వేసి గంగాళాలు పెట్టినవాళ్లను నేను చూశాను.

కానీ సిమెంటు వేసి తీరాలని మీ ఆయన గట్టిగా ఉంటే, అప్పుడు చింతను పూర్తిగా తీసేయాలి. సగం సగం పని కుదరదు. మొద్దును నేలమట్టంగా కోసి పైన సిమెంటు పోస్తే మొదటి ఏడాది బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత లోపల కుళ్లి, చెద తిని, బోలు పడుతుంది. పైన పలక పగిలి కుంగుతుంది. ఆ బోలులో ఎలుకలు చేరతాయి, ఎలుకల వెనక పాములు.

అదృష్టం, మోకాలి ఎత్తు మిగిల్చారు. పీకదలచుకున్న చెట్టును ఎవరూ నేలమట్టంగా కోయకూడదు. ఆ మిగిలిన మానే మీకు మీటకర్ర. నిజానికి నడుము ఎత్తు ఉంటే ఇంకా బాగుండేది. ముందురోజు సాయంత్రం మొద్దు చుట్టూ నీళ్లు పెట్టండి. మర్నాడు మూడడుగుల దూరంలో గుండ్రంగా కందకం తీయించండి. పెద్ద వేళ్లు ఎక్కువగా పైరెండడుగుల మట్టిలోనే పక్కలకు పోతాయి. కనబడ్డ ప్రతి పక్కవేరునూ రెండు చోట్ల కోయాలి, మొద్దు దగ్గర ఒకటి, గోతి అంచున ఒకటి. మధ్య ముక్క తీసేస్తే గొడ్డలి తిప్పడానికి చోటు దొరుకుతుంది. ఒక్కచోటే కోస్తే ఆ వేరు అక్కడే ఉండి కాళ్లకు అడ్డం పడుతుంది. కోసే ముందు మోటారు పైపుతో వేరు మీది మట్టి కడగండి. నూతి వైపు వెళ్లే వేరునూ, కుళాయి పైపు పోయే వైపు వేరునూ మాత్రం గోతి అంచున కోసి వదిలేయాలి, లాగకూడదు.

చుట్టూ వేళ్లన్నీ తెగాక తల్లివేరు మిగులుతుంది. దాన్ని చూడటానికి మొద్దు కిందకి ఒక పక్కనుంచి సొరంగంలా తవ్వాలి. అప్పుడే జాగ్రత్త. మొద్దు కిందకి మనిషి తల పెట్టకూడదు. మొద్దు ఒరగకుండా రెండో పక్క గట్టి కొయ్యో రాయో దన్ను పెట్టాకే వేరు మీద రంపం వేయాలి.

జేసీబీ రాకపోతేనేం. మీ చుట్టుపక్కల బోరు మోటార్లు పైకి తీసే మెకానిక్‌లు ఉంటారు. వాళ్ల దగ్గర మూడుకాళ్ల ఇనప స్టాండు, చైన్ పుల్లీ ఉంటాయి. ఆ కాళ్లు విడదీసి గుమ్మంలోంచి తేవచ్చు. గోతి మీద నిలబెట్టి, కాళ్ల కింద పలకలు వేసి, మొద్దుకు గొలుసు బిగించి ఒక్కో లింకే లాగుతుంటే వేరు ఎక్కడ పట్టుకుందో మీకే తెలుస్తుంది. అక్కడ ఆపి, కోసి, మళ్లీ లాగాలి. తెగని వేరు మీద బలవంతంగా లాగితే గొలుసు తెగి మనుషుల మీదకి వస్తుంది. లాగేటప్పుడు పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టి తలుపేయండి.

వెనక సందులోంచి ట్రాక్టరుకు తాడు కట్టి గోడ మీదుగా లాగుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇంజనాయిల్ తాగిన మా కానుగ మొద్దును చివరికి అలాగే లాగించాను. డ్రైవరు కుర్రాడు గొలుసును కింద హుక్కుకు కట్టకుండా పైన, సీటు వెనక కట్టాడు. మొద్దు కదల్లేదు, ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. వాడు క్లచ్ తొక్కాడు కాబట్టి సరిపోయింది. ఇంకో క్షణమైతే బండి వాడి మీదకే వెనక్కి తిరగబడేది. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. తర్వాత ఇద్దరు కూలీలు నాలుగు రోజుల్లో గునపంతోనే తీశారు. మీ చింతకూ ముగ్గురు మనుషులకు అంతే పట్టొచ్చు. రోజుకూలికి కాకుండా గుత్తకు మాట్లాడుకోండి, వేళ్ల కట్టెలు వాళ్లకే ఇస్తామంటే గుత్త తగ్గుతుంది.

కాల్చడం గురించి మీరు అడగలేదు గానీ మగవాళ్లకు ఆఖర్న వచ్చే ఆలోచన అదే కాబట్టి చెబుతున్నాను. పచ్చి మొద్దు కాలదు, పొగ పెడుతుంది. ఎండిన మొద్దులో ఊకా పిడకలూ వేసి అంటిస్తే రోజుల తరబడి లోలోపల రాజుకుంటుంది. నిప్పు వేరు వెంట మట్టిలోంచి పాకి అవతలెక్కడో పైకి వస్తుంది. వరుస ఇళ్లు, గడ్డివాములు, కొబ్బరి కమ్మల పాకలు ఉన్న చోట నేనైతే అగ్గిపుల్ల గీయను.

ఇప్పుడు ఆశ్వయుజం. తుపాన్ల రోజులు కాబట్టి గోయి తీసి వదిలేయకండి. నీళ్లు నిండి అంచులు కూలతాయి. కొబ్బరిని ఈ నెలలోనే తీయించండి, చింతను కార్తీకం దాటాక మట్టి ఇంకా కాస్త పచ్చిగా ఉండగా మొదలుపెట్టండి. గోతిని ఒకేసారి పూడ్చొద్దు. జానెడు మట్టి వేసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ జానెడు వేయాలి. పైన అరడుగు ఎత్తుగా వదిలితే నెలలో అది సర్దుకుంటుంది. సిమెంటు పుష్యం కంటే ముందు వేయించకండి. పూడ్చిన గోతి మీద పందిరి రాట పాతనివ్వకండి. ఎంత దిమ్మిస కొట్టినా తొలి ఏడాది అది ఊగుతుంది, పెళ్లి పందిరి ఊగడం చూస్తే మీ అత్తగారు ఊరుకోరు.

ఒక్కటి మర్చిపోయేవాణ్ని. తీసిన మొద్దును బయటికి ఎలా తీసుకెళ్తారు? వరుస ఇల్లంటే పెరట్లోంచి వీధిలోకి దారి మీ నట్టింట్లోంచే. గుమ్మం వెడల్పు ఇప్పుడే కొలవండి, మూడడుగులు కూడా ఉండదు. చింతమొద్దు వేళ్ల మొదళ్లతో కలిపి అంతకంటే లావుగా ఉంటుంది. ఇనప చీలలు దించి సమ్మెటతో కొట్టి చీల్చొచ్చు గానీ, అంతకంటే ముందు కంచిలి సంతలోనో సోంపేటలోనో మాంసం కొట్లవాళ్లను అడగండి. వాళ్లు మాంసం కొట్టేది చింతమొద్దు మీదే. నేల పైన మిగిలిన ఆ మోకాలి ఎత్తు ముక్కే వాళ్లకు కావాల్సింది. మనిషిని, రంపాన్ని వాళ్లే తెచ్చుకుంటారు. కాకపోతే కబురు అందగానే వచ్చి ముందే కోసుకుపోతామంటారు, మీటకర్ర పోతుంది, ఒప్పుకోకండి. వేళ్లన్నీ తెగి మొద్దు గోతిలో పక్కకు ఒరిగాక, గుమ్మం కొలత చెప్పి అప్పుడు కోయించండి.